పాత కారు ముందు స్పీకర్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఇల్లు లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి దగ్గరగా ఉంది. 1999లో కొన్న చిన్న కారునే ఇప్పటికీ వాడుతున్నాము. ముందు అద్దం కింద, డ్యాష్‌బోర్డు రెండు మూలల్లో ఉన్న స్పీకర్లలో ఎడమది కొంతకాలంగా మూగబోయింది; బండి గోతిలో పడినప్పుడు మాత్రం ఒక్క క్షణం గరగరమని పలికి మళ్ళీ ఆగిపోతుంది. కుడిది పలుకుతోంది గానీ, వార్తలు చదివేవారి గొంతు చీలినట్టు వినిపిస్తోంది. ఒక దుకాణంలో చూపిస్తే స్టీరియోతో సహా అన్నీ మార్చాలన్నారు. అంత అవసరమా? స్పీకర్లు మాత్రమే మార్చుకునే పక్షంలో ఎటువంటివి కొనాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అన్నీ మార్చవలసిన అవసరం కనిపించడం లేదు. లోపలి కాయిల్ (సన్నని తీగచుట్ట) పూర్తిగా కాలిపోయిన స్పీకరు ఎంత కుదిపినా పలకదు. గోతిలో చక్రం పడినప్పుడు పలికిందంటే, ఎక్కడో ఒక వైరు కొస అంటీ అంటనట్టు ఉన్నదన్నమాట. కుడి స్పీకరు సంగతి వేరు. దానికి విద్యుత్తు అందుతూనే ఉంది కనుక, పాడైనది దాని కాగితమో (అంటే కదులుతూ శబ్దం పుట్టించే శంకువు), ఆ కాగితం చుట్టూ ఉండే మెత్తని అంచో అయి ఉండే అవకాశమే ఎక్కువ. రెండూ దాదాపు ఒకే కాలంలో చెడినంత మాత్రాన రెండింటికీ కారణం ఒకటేనని అనుకోనక్కరలేదు. అలా అనుకోవడం వల్లనే నిక్షేపంలాంటి స్టీరియోలు చాలా పాత సామాను దుకాణాలకు చేరుతుంటాయి.

మొదట ఏ పనిముట్టూ అక్కరలేని పరీక్ష చేయండి. స్టీరియోలో ఫేడర్‌ను (శబ్దాన్ని ముందు, వెనక స్పీకర్లకు పంచే మీటను) పూర్తిగా ముందుకు తెచ్చి, బ్యాలెన్స్‌ను ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిప్పి, రేడియోలో వార్తలో ప్రసంగమో వినండి. ఈ పరీక్షకు పాటకంటే మాట మేలు. డ్యాష్‌బోర్డులోని చిన్న స్పీకర్లు ప్రధానంగా పలికించేది మనిషి గొంతునే కాబట్టి, అక్కడ వచ్చే చీలిక వెంటనే తెలిసిపోతుంది. తరువాత బ్యాటరీ మైనస్ తీగ విప్పి, స్టీరియోను బయటికి లాగి, ముందు ఎడమ, ముందు కుడి స్పీకర్లకు వెళ్ళే జతలను ఒకదాని స్థానంలో ఒకటి కలపండి. మైనస్ తిరిగి తగిలించి విన్నప్పుడు మౌనం కుడి వైపుకు మారితే లోపం స్టీరియోది. ఎడమ వైపే ఉండిపోతే లోపం ఆ వైపు వైరులోనో స్పీకరులోనో ఉంది. విడిగా కొనే స్టీరియోలలో సాధారణంగా తెల్ల జత ముందు ఎడమకు, బూడిద రంగు జత ముందు కుడికి, ఆకుపచ్చది వెనక ఎడమకు, ఊదా రంగుది వెనక కుడికి వెళతాయి. ప్రతి జతలోనూ నల్లగీత ఉన్నది మైనస్. కారుతో పాటు వచ్చిన వైర్ల రంగులు మాత్రం కంపెనీకొక తీరుగా ఉంటాయి కనుక వాటిని ఈ లెక్కన నమ్మవద్దు.

ఇక స్పీకరు మీది గ్రిల్ ఊడదీయాలి. ఇరవై అయిదేళ్ళు ఎండలో మగ్గిన ప్లాస్టిక్ అప్పడంలా విరుగుతుంది. బండిని కాసేపు ఎండలో ఉంచి, ప్లాస్టిక్ కొంచెం వేడెక్కి మెత్తబడిన తరువాత, బద్దకు గుడ్డ చుట్టి అంచు వెంబడి నెమ్మదిగా లేపండి. స్క్రూడ్రైవరును నేరుగా దూర్చకండి. అద్దం ఏటవాలుగా కిందికి దిగి ఉంటుంది కనుక మామూలు స్క్రూడ్రైవరు నిలబడదు, పొట్టిది కావాలి. పని మొదలుపెట్టే ముందే అద్దానికి గాలి తోలే సందుల మీద ఒక తువ్వాలు పరచండి. ఆ సందులోకి జారిన స్క్రూను బయటికి తీయడానికి డ్యాష్‌బోర్డు మొత్తం విప్పవలసి రావచ్చు. స్పీకరు మార్చే పని అరగంటది, స్క్రూ వెతికే పని రోజంతా పడుతుంది. మీ కారులో ఎయిర్‌బ్యాగ్ ఉంటే పసుపు రంగు తొడుగు, పసుపు కప్లర్ ఉన్న వైర్ల జోలికి అసలు వెళ్ళకండి.

స్పీకరు చేతికి వచ్చాక రెండు వైర్లూ విడదీసి, మామూలు ఒకటిన్నర వోల్టుల పెన్ను సెల్లును దాని రెండు కొసలకూ ఒక్క క్షణం తాకించండి. టప్‌మని చప్పుడు వచ్చి కాగితం కదిలితే కాయిల్ బతికే ఉంది. మల్టీమీటరు ఉంటే ఇంకా మంచిది: 4 ఓంల స్పీకరు సుమారు 3 నుంచి 4 ఓంల మధ్య చూపాలి. అసలేమీ చూపకపోతే కాయిల్ తెగింది, సున్నాకు దగ్గరగా చూపితే లోపల షార్ట్ అయింది. మీటరు బాగానే చూపుతున్నా శబ్దం చీలుతుంటే, రెండు బొటనవేళ్ళతో కాగితాన్ని రెండు వైపులా సమానంగా, చాలా నెమ్మదిగా లోపలికి నొక్కి చూడండి. గీరుకున్న చప్పుడు వస్తే కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటోంది, ఆ స్పీకరును మార్చవలసిందే. మీ కుడి స్పీకరులో ఇదైనా కనిపిస్తుంది, లేదా చుట్టూ ఉన్న స్పాంజి అంచు పొడిపొడిగా రాలిపోయి ఉంటుంది.

సముద్రానికి దగ్గరగా ఉండే బండ్ల విషయంలో ఒక మాట చెప్పాలి. ఉప్పుగాలి వల్ల రాగి కొసలకు పచ్చని చిలుము పడుతుంది, ఇనుప చట్రం తుప్పు పడుతుంది, ఆ తుప్పు పొడి కాయిల్ కదిలే సన్నని సందులోకి చేరుతుంది. దానికి తోడు ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు గట్టిపడిపోతే, వానాకాలంలో నీరు అద్దం వెంబడి దిగి సరిగ్గా ఈ స్పీకర్ల మీదే పడుతుంది. కాగితం మీద టీ మరకలాంటి గోధుమరంగు వలయం కనిపిస్తే నీరు దిగినట్టే. ఆ రబ్బరును బాగు చేయించకుండా కొత్త స్పీకరు బిగించడం డబ్బు నీళ్ళలో పోయడమే. ఎడమ వైపు కొసకు చిలుము పట్టి ఉంటే, వైరును ఒక అంగుళం వెనక్కి కోసి, లోపలి రాగి మెరుస్తూ ఉన్నచోట కొత్త కొస బిగించండి. గీకి శుభ్రం చేసిన పాత కొస కొద్ది నెలలకే మళ్ళీ మొదటికి వస్తుంది. చాలా సందర్భాలలో ఈ చిన్నపాటి మరమ్మతుతోనే ఆ వైపు స్పీకరు పలుకుతుంది.

అయినా సరే, ఒకదాన్ని మార్చవలసి వస్తే రెండూ కలిపి మార్చుకోండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పలికితే ఒక చెవికి ఒక తీరుగా వినిపిస్తుంది. కొనే ముందు పాత స్పీకరును వెంట తీసుకువెళ్ళండి. నాలుగు అంగుళాలని రాసి ఉన్నవన్నీ ఒకే రంధ్రాలతో రావు. అంతకంటే ముఖ్యం లోతు. డ్యాష్‌బోర్డు కింద ఏసీ గొట్టాలు, వైర్ల కట్టలు ఉంటాయి కనుక, బిగించే అంచు నుంచి కింద తగిలే వస్తువు దాకా స్కేలుతో కొలిచి రాసుకోండి. మధ్యలో సన్నని శబ్దాలు పలికే చిన్న ట్వీటరు పైకి పొడుచుకు వచ్చిన రకమైతే అది గ్రిల్‌కు తగలకుండా ఉంటుందో లేదో కూడా చూసుకోవాలి. ఈ ఊరి గాలికి ప్లాస్టిక్ జాతి పాలీప్రొపిలీన్ శంకువు, రబ్బరు అంచు ఉన్నవి కాగితం వాటికంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. పెట్టె మీద అచ్చువేసిన వందల వాట్ల అంకెను చూసి మురిసిపోనక్కరలేదు. 50 వాట్లని రాసుకున్న స్టీరియో కూడా ఒక్కో స్పీకరుకు నిలకడగా ఇవ్వగలిగేది దాదాపు 15 నుంచి 20 వాట్లే. చూడవలసినది ఓంలు: స్టీరియో మీద 4 ఓంలని రాసి ఉంటే 4 ఓంలవే కొనండి, 2 ఓంలవి పెడితే స్టీరియో వేడెక్కి పాడయ్యే ప్రమాదం ఉంది.

చిన్న స్పీకర్ల చేత బాస్ పలికించాలని చూస్తే అవి త్వరగా చీలిపోతాయి. 4 ఓంల స్పీకరు ప్లస్ వైరులో సుమారు 200 మైక్రోఫారడ్ల నాన్‌పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) కెపాసిటరును వరుసలో కలిపితే, దాదాపు 200 హెర్ట్జ్ కిందికి పోయే కొద్దీ శబ్దం తగ్గిపోతుంది. బాస్ పని వెనక స్పీకర్లకు వదిలివేయవచ్చు. దీన్ని బిగించిన తరువాత ఎప్పుడైనా మీటరుతో పరీక్షించవలసి వస్తే కెపాసిటరుకు అవతల, స్పీకరు కొసల దగ్గరే పరీక్షించండి. ఇవతల కొలిస్తే బాగున్న స్పీకరు కూడా తెగినట్టే కనిపిస్తుంది.

ప్రశ్న: మా పాత కారుకు ముందు స్పీకర్లు రెండూ కొత్తవి బిగించుకున్నాను. రెండూ పలుకుతున్నాయి గానీ, పాటలో గొంతు ఎక్కడి నుంచి వస్తున్నదో తెలియకుండా చెదిరిపోయినట్టు, బాస్ అసలే లేనట్టు వినిపిస్తోంది. స్పీకర్లు నాసిరకమా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: నాసిరకమని తేల్చే ముందు ఒక వైపు ప్లస్, మైనస్ వైర్లను తారుమారు చేసి చూడండి, ఒక్క వైపే సుమా. ఒక స్పీకరు ముందుకు తోసే సమయంలోనే రెండవది వెనక్కి లాగుతుంటే, అవి పుట్టించే గాలి ఒత్తిళ్ళు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అది ముందుగా బయటపడేది బాస్‌లోనే. ఏది తిరగబడిందో కచ్చితంగా తేల్చుకోవాలంటే స్టీరియో నుంచి వైర్లు విడదీసి, వాటి చివర పెన్ను సెల్లును తాకించండి: సెల్లు ప్లస్ స్పీకరు ప్లస్‌కు తగిలినప్పుడు శంకువు బయటికి రావాలి. స్పీకరు వెనక ఉండే రెండు రేకులలో సాధారణంగా వెడల్పైనది ప్లస్.

ప్రశ్న: మా నాన్నగారు దాచుకున్న పాత అంబాసిడర్‌లో డ్యాష్‌బోర్డు కింద ఒకే స్పీకరు ఉంది. రేడియో నుంచి దానికి ఒక్క వైరే వెళుతోంది. రెండవ కొసను బండి బాడీకి బిగించి ఉంది. అదే వైరును వాడుకుని కొత్త స్టీరియో పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, భీమిలి

జవాబు: పెట్టుకోకూడదమ్మా. పాత రేడియోలు కొన్ని ఒక కొసను బాడీకి ఎర్త్ చేసే పద్ధతిలోనే తయారయ్యాయి, వాటికి అది సరిపోయింది. ఇప్పటి స్టీరియోలలో స్పీకరుకు వెళ్ళే ప్లస్, మైనస్ రెండూ ఆంప్లిఫయరు నుంచే వస్తాయి. వాటిలో దేన్నైనా బాడీకి తాకించారంటే స్టీరియో రక్షణ కోసం తనంతట తానే ఆగిపోతుంది, లేదా లోపలి ఐసీ (చిప్) కాలిపోతుంది. ప్రతి స్పీకరుకూ స్టీరియో నుంచి రెండేసి కొత్త వైర్లు లాగించండి. బిగించాక, స్టీరియో కలపకముందే ఒక్కో వైరుకూ బాడీకీ మధ్య మల్టీమీటరు పెట్టి చూడమని ఎలక్ట్రీషియన్‌ను అడగండి. ఏ కలయికా చూపకూడదు. పాత రేడియోను మాత్రం దాని స్పీకరుతో సహా పారేయకుండా దాచండి, ఆ జత ఇప్పుడు దుకాణాలలో దొరకదు.