పాత యాంప్‌కి వాయిస్ అసిస్టెంట్ కలిపితే పాట తెగిపోతోంది, పిలిస్తే పలకడం లేదు. కొత్త సిస్టమ్ కొనాలా?

మీరు చెప్పింది ఇదీ: పాత స్టీరియో యాంప్ (యాంప్లిఫయర్), రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఉన్నాయి. యాంప్‌కి ఒక బ్లూటూత్ రిసీవర్ తగిలించి, పక్కనే ఉన్న స్మార్ట్ స్పీకర్‌ని దానికి జత చేశారు. పాట మధ్యమధ్యలో తెగుతోంది. సౌండ్ కాస్త పెంచితే ఎంత పిలిచినా పలకదు. పడగ్గదిలోనూ అదే పాట రావాలంటే కుదరడం లేదు.

కొత్త సిస్టమ్ అక్కర్లేదండీ. యాంప్, స్పీకర్లు ఉన్నచోటే ఉంచండి. తీసేయాల్సింది మధ్యలో ఉన్న ఆ బ్లూటూత్ ముక్కని. ఇక మార్చాల్సింది అమరిక: మీ మాట వినే పెట్టె వేరు, పాట వాయించే పెట్టె వేరు అయి ఉండాలి. వినేది మీరు కూర్చునే చోట ఉంటుంది. వాయించేది, అంటే వైఫై స్ట్రీమర్, యాంప్ వెనక ఉంటుంది. మీ మూడు ఇబ్బందులూ ఆ రెండింటినీ ఒకచోట కలిపేయడం వల్ల వచ్చినవే.

ముందు పాట ఎందుకు తెగుతోందో చూద్దాం. స్మార్ట్ స్పీకర్ పాటను వైఫైలో దించుకుంటూ, అదే సమయంలో బ్లూటూత్‌లో బయటికి పంపుతోంది. బ్లూటూత్ ఉండేది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో. మీ వైఫై కూడా ఆ బ్యాండ్‌లోనే ఉంటే ఒక్క చిన్న డబ్బాలో రెండు రేడియోలూ వంతులు వేసుకుని మాట్లాడుకోవాలి. ఇంట్లో మైక్రోవేవ్ ఓవెన్ నడిచినా, పక్కన యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ పనిచేస్తున్నా అదే బ్యాండ్‌లో రొద పెరుగుతుంది. దీనికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. మీ స్మార్ట్ స్పీకర్ 5 గిగాహెర్ట్జ్ పట్టుకోగలిగితే దాన్ని ఆ బ్యాండ్‌కి మార్చి ఒక సాయంత్రం వినండి. తెగడం తగ్గితే కారణం తేలిపోయినట్టే.

క్వాలిటీ సంగతీ ఉంది. బ్లూటూత్‌లో వెళ్లాలంటే, వచ్చిన పాటను ఒకసారి విప్పి మళ్లీ కుదించాలి. అన్ని బ్లూటూత్ ఆడియో పరికరాల్లోనూ తప్పనిసరిగా ఉండే ఎస్‌బీసీ కోడెక్ (పాటను కుదించే పద్ధతి) మామూలుగా గరిష్ఠంగా సెకనుకు 328 కిలోబిట్ల దాకా పోతుంది, సిగ్నల్ బాగోకపోతే ఇంకా కిందికి దిగుతుంది. వైఫై కాస్టింగ్‌లో, అంటే వైఫై మీదుగా స్ట్రీమర్‌లో పాట వేయించడంలో, ఈ రెండో కుదింపు ఉండదు. గూగుల్ కాస్ట్ అయినా, స్పాటిఫై కనెక్ట్ అయినా ఫోనో అసిస్టెంటో స్ట్రీమర్‌కి పంపేది పాటను కాదు, ‘ఫలానా పాట తెచ్చుకో’ అన్న చిరునామాను. పాటను స్ట్రీమర్ ఇంటర్నెట్ నుంచి నేరుగా తెచ్చుకుని, కొంత ముందుగానే దాచుకుని వాయిస్తుంది. అందుకే ఫోన్ జేబులో పెట్టుకుని మీరు బయటికి వెళ్లినా పాట ఆగదు, మధ్యలో కాల్ వచ్చినా రింగ్‌టోన్ హాల్లో మోగదు.

ఇక పిలిస్తే పలకకపోవడం. స్మార్ట్ స్పీకర్‌కి తాను ఏం వాయిస్తోందో తెలుసు. మైకులో పడ్డ మొత్తం శబ్దం నుంచి దాన్ని తీసేసి, మిగిలినదాంట్లో మీ గొంతు వెతుకుతుంది. పాట దాని సొంత స్పీకర్‌లోంచి వస్తున్నంత వరకు ఈ తీసివేత చక్కగా కుదురుతుంది. అదే పాట బ్లూటూత్ మీదుగా ఒకటీ రెండు వందల మిల్లీసెకన్లు ఆలస్యంగా, బేస్ నాబ్ దాటి, గది గోడలకు కొట్టుకుని వస్తే లెక్క తప్పుతుంది. పైగా మీ అమరికలో మైకు స్పీకర్లకు జానెడు దూరంలో ఉంది, మీరేమో గదికి అవతలి వైపు ఉన్నారు. రెండు పెట్టెలూ వేరు చేశాక కూడా ఆ తీసివేత జరగదు, ఆ ఆశ పెట్టుకోకండి. దూరాలు మాత్రం తిరగబడతాయి. మైకుకీ మీకూ మధ్య దూరం సగం చేస్తే మీ గొంతు దానికి సుమారు 6 డెసిబెల్స్ ఎక్కువగా అందుతుంది. సోఫా పక్క బల్ల మీద, మూలకు తోయకుండా, గోడకి ఒక జానెడు ఎడంగా, స్పీకర్లకు కనీసం రెండు మీటర్ల దూరంలో పెట్టండి. ఈ ఒక్క మార్పుకే తేడా తెలుస్తుంది.

ఏం కొనాలి? మీరు ఏ అసిస్టెంట్ వాడతారో ముందు తేల్చుకోండి, ఎందుకంటే తర్వాత గదులు కలపాలంటే అన్నీ ఒకే కుటుంబంలో ఉండాలి. గూగుల్ అయితే కాస్ట్ ఉన్న స్ట్రీమర్, ఆపిల్ అయితే ఎయిర్‌ప్లే 2 (వైఫైలో పాట పంపే ఆపిల్ పద్ధతి) ఉన్నది. విమ్ ప్రో లాంటి స్ట్రీమర్లలో ఇవి రెండూ ఉన్నాయి, అలెక్సాతోనూ పనిచేస్తాయి. ఆర్‌సీఏ (ఎరుపు, తెలుపు జత సాకెట్లు), ఆప్టికల్ (కాంతితో సిగ్నల్ పంపే వైరు) అవుట్‌పుట్లు, ఈథర్నెట్ (రౌటర్ నుంచి వచ్చే నెట్ వైరు) సాకెట్ కూడా ఉంటాయి. దాని తమ్ముడు విమ్ మినీలో గూగుల్ కాస్ట్ లేదు, పెట్టె మీద చూసి తీసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో క్రోమ్‌కాస్ట్ ఆడియో ఇప్పటికీ దొరుకుతుంది. 2015లో వచ్చింది, 2019 మొదట్లో తయారీ ఆపేశారు. ఒకే రంధ్రంలోంచి 3.5 ఎంఎం అనలాగ్, మినీ ఆప్టికల్ రెండూ ఇస్తుంది, 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ దాకా వాయిస్తుంది. 2025 మార్చిలో లోపలి సర్టిఫికెట్ గడువు తీరి ఇవన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి, తర్వాత గూగుల్ అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. పాత పరికరంతో ఉండే ఇబ్బంది ఇదే. చవగ్గా వస్తే సరే గానీ దాని మీదే ఇల్లంతా కట్టుకోవద్దు.

అన్నిటికన్నా చవకైన దారి 3.5 ఎంఎం అవుట్‌పుట్ ఉన్న స్మార్ట్ స్పీకర్ నుంచి నేరుగా వైరు లాగడం. ఎకో డాట్ మూడు, నాలుగో తరాలకు ఆ సాకెట్ ఉంది. 2022లో వచ్చిన అయిదో తరంలో తీసేశారు. నెస్ట్ మినీ, నెస్ట్ ఆడియో, హోమ్‌పాడ్‌లలో అసలు లేదు. ఈ దారిలో వచ్చే చిక్కు ముందే తెలుసుకోండి: వైరు పెట్టగానే లోపలి స్పీకర్ మూగబోతుంది. సమాధానాలన్నీ యాంప్‌లోంచే వస్తాయి. యాంప్ ఆఫ్‌లో ఉంటే మీరు ‘టైమ్ ఎంత’ అని అడిగినా ఏమీ వినబడదు. అలారం దాని మీదే పెట్టుకునే అలవాటుంటే యాంప్ ఆపి ఒకసారి మోగించి చూసుకోండి.

వైరింగ్ దగ్గర ఒక్క విషయం గట్టిగా చెబుతాను. స్ట్రీమర్‌ని యాంప్ వెనక ‘ఫోనో’ అని రాసి ఉన్న సాకెట్లకు పెట్టకండి. అది గ్రామఫోన్ సూదిలోంచి వచ్చే కొద్ది మిల్లీవోల్టుల కోసం చేసింది. ఆ సిగ్నల్‌ని వంద రెట్ల వరకు పెంచి, బేస్‌ని ఇంకా ఎక్కువ ఎత్తుతుంది. స్ట్రీమర్ ఇచ్చేది సుమారు 2 వోల్టులు. అక్కడ పెడితే పాట పగిలిపోయి, బొంగురుగా వస్తుంది. ఆక్స్, సీడీ, ట్యూనర్, టేప్ ఇన్ వీటిలో ఏది ఖాళీగా ఉన్నా పరవాలేదు, నాలుగూ ఒకటే. యాంప్‌కి ఆప్టికల్ ఇన్‌పుట్ ఉంటే అదే వాడండి. కాంతితో వెళ్తుంది కాబట్టి రెండు పరికరాల ఎర్త్‌ల మధ్య తిరిగే కరెంటు వల్ల వచ్చే ‘బుర్ర్’ మనే మోత రాదు. అనలాగ్ వైరుతో ఆ మోత వస్తే ముందు స్ట్రీమర్, యాంప్ రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టి చూడండి. తర్వాత స్ట్రీమర్‌కి వేరే అడాప్టర్ మార్చి చూడండి. అప్పటికీ పోకపోతే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ (ఎర్త్ కరెంటును అడ్డుకునే చిన్న పెట్టె) ఆడియో వైరు మధ్యలో వేయండి. మోత ఆపడానికి ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేయమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి, అది ప్రాణం మీదికి తెచ్చే పని.

వాల్యూమ్ అమర్చడం చాలామంది పట్టించుకోరు, నోటితో నడపాలంటే అసలు కీలకం ఇక్కడే ఉంది. యాంప్ నాబ్‌ని అసిస్టెంట్ తిప్పలేదు, స్ట్రీమర్ వాల్యూమ్‌ని మాత్రమే మార్చగలదు. కాబట్టి యాంప్ నాబ్ బాగా తగ్గించి, స్ట్రీమర్‌ని నూటికి నూరుకి పెట్టి, గట్టిగా రికార్డయిన పాట ఒకటి వేయండి. ఇప్పుడు యాంప్ నాబ్ మెల్లగా పెంచుతూ, మీ ఇంట్లో ఎప్పటికీ ఇంతకు మించి అక్కర్లేదు అనిపించేచోట ఆపండి. ఆ గీత దగ్గర చిన్న స్టిక్కర్ ముక్క అంటించండి. నాబ్ ఇక ఆ స్టిక్కర్ దగ్గరే ఉంటుంది. తర్వాత స్ట్రీమర్‌ని 40 శాతానికి దించి రోజూ అక్కడి నుంచి మొదలుపెట్టండి. పొరపాటున ‘ఫుల్ వాల్యూమ్’ అన్నా స్పీకర్లు పాడవవు. నాబ్ మరీ ఎక్కువగా తిప్పి ఉంచితే మాత్రం అసిస్టెంట్‌లో 10 శాతం, 20 శాతం మధ్యే అంతా అయిపోతుంది, నైస్‌గా తగ్గించడానికి చోటు ఉండదు.

పవర్ సంగతి. యాంప్‌కి 12 వోల్టుల ట్రిగ్గర్ ఇన్‌పుట్ (వేరే పరికరం సైగతో యాంప్‌ని ఆన్ చేసే సాకెట్) ఉంటే స్ట్రీమర్ ట్రిగ్గర్‌తో కలపండి, పాట మొదలవగానే యాంప్ లేస్తుంది. లేకపోతే స్మార్ట్ ప్లగ్ (అసిస్టెంట్ ఆన్, ఆఫ్ చేయగల ప్లగ్) పెట్టండి. ఇది యాంప్‌కి టక్కుమని నొక్కే మెకానికల్ స్విచ్ ఉంటేనే పనిచేస్తుంది. సాఫ్ట్ బటన్ ఉన్న యాంప్‌లు చాలావరకు కరెంటు వచ్చాక కూడా స్టాండ్‌బైలోనే కూర్చుంటాయి. పాట నడుస్తుండగా ప్లగ్ ఆపితే స్పీకర్లు ‘ధబ్’ మంటాయి. ముందు పాట ఆపి, కొన్ని సెకన్ల తర్వాత ప్లగ్ ఆగేలా అసిస్టెంట్ యాప్‌లో రొటీన్ (వరుసగా జరిగే పనుల జాబితా) రాసుకోండి.

తర్వాత అసిస్టెంట్‌కి చెప్పాలి. గూగుల్ హోమ్ యాప్‌లో సోఫా దగ్గరున్న స్పీకర్ సెట్టింగ్స్ తెరిచి, డిఫాల్ట్ మ్యూజిక్ స్పీకర్‌గా స్ట్రీమర్‌ని ఎంచుకోండి. అలెక్సా యాప్‌లో గదికి ఒక గ్రూపు చేసి, ఎకోనీ స్ట్రీమర్‌నీ అందులో వేసి, ప్రిఫర్డ్ స్పీకర్‌గా స్ట్రీమర్‌ని పెట్టండి. ఆ తర్వాత ‘ఫలానా స్పీకర్‌లో వేయి’ అని ప్రతిసారీ చెప్పక్కర్లేదు. పేర్లు పెట్టేటప్పుడు గదికి, గ్రూపుకి, పరికరానికి ఒకే పేరు పెట్టకండి. ‘హాల్’ అని మూడింటికీ పెడితే పాట బదులు లైట్లు ఆరిపోతాయి.

మన పాటల పేర్లు అసిస్టెంట్‌కి సరిగా వినబడవన్నది నిజం. సినిమా పేరు, పాట పేరు, గాయకుల పేరు కలిపి చెప్పినా ఒక్కోసారి వేరే భాష పాట వేస్తుంది. తరచూ వినేవాటిని ప్లేలిస్టులుగా చేసి, ‘మార్నింగ్ మిక్స్’ లాంటి రెండు మాటల ఇంగ్లిష్ పేర్లు పెట్టుకోండి. నా దృష్టిలో పాట ఎంచుకోవడానికి ఫోనే నయం. ఆపడానికి, తగ్గించడానికి, తర్వాతి పాటకి వెళ్లడానికి నోటి మాటను మించింది లేదు, చేతులు పిండిలో ఉన్నప్పుడు మరీనూ.

పడగ్గది కోసం అక్కడ రెండో స్ట్రీమరో, కాస్ట్ ఉన్న స్పీకరో పెట్టి గ్రూపు చేయండి. అలెక్సా మల్టీ రూమ్ గ్రూపులోకి బ్లూటూత్ స్పీకర్లు రావు, మీకు కుదరనిది అందుకే. గూగుల్‌లో ఒక గది కాస్త వెనకబడితే ఆ పరికరం సెట్టింగ్స్‌లో గ్రూప్ డిలే కరెక్షన్ ఉంటుంది. రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడి, డప్పు దెబ్బ ఒక్కటిగా వినబడేదాకా దాన్ని కదపండి.

పరికరం యాప్‌లో కనబడకపోతే అది చాలావరకు రౌటర్ వ్యవహారమే. ఫోనూ స్ట్రీమరూ ఒకదాన్నొకటి ఎండీఎన్ఎస్ అనే పిలుపులతో ఇంటి నెట్‌వర్క్‌లోనే వెతుక్కుంటాయి. గెస్ట్ వైఫైలో ఉన్నా, ఏపీ ఐసొలేషన్ (వైఫైలోని పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడకుండా ఆపే రౌటర్ సెట్టింగ్) ఆన్‌లో ఉన్నా, ఫోన్‌లో వీపీఎన్ నడుస్తున్నా ఆ పిలుపులు చేరవు. ఇంట్లో మోడెమ్ ఒకటి, దాని వెనక రౌటర్ ఇంకొకటి ఉండి ఫోన్ ఒకదానికి, స్ట్రీమర్ ఇంకోదానికి తగులుకుంటే కూడా అంతే. రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి, అప్పుడు అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటాయి. ఐఫోన్‌లో అయితే ఆ యాప్‌కి లోకల్ నెట్‌వర్క్ అనుమతి ఇచ్చారో లేదో చూడండి. కనబడుతూనే పాట ఆగుతుంటే సిగ్నల్ కొలవండి: మైనస్ 65 డీబీఎం (సిగ్నల్ బలం కొలత; సున్నాకి దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ) కన్నా మెరుగ్గా ఉండాలి, మైనస్ 75 దగ్గర ఆగడాలు మొదలవుతాయి. రౌటర్ సెట్టింగ్స్‌లో 2.4 గిగాహెర్ట్జ్‌కి ఛానల్ 1, 6, 11లలో ఒకటి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. 5 గిగాహెర్ట్జ్‌లో 36 నుంచి 48 లోపు ఛానళ్లు పెట్టండి. 52 నుంచి 144 వరకు ఉన్నవాటిలో రాడార్ కనబడితే రౌటర్ ఛానల్ వదిలేయాలి, అప్పుడు పాట ఠక్కున ఆగుతుంది. యాంప్ దగ్గరికి ఈథర్నెట్ వైరు లాగగలిగితే ఈ పేరా మొత్తం మర్చిపోవచ్చు.

టీవీ శబ్దాన్ని మాత్రం ఈ దారిలో పంపకండి. ఎయిర్‌ప్లే, కాస్ట్ పాటను దాచుకుని వాయిస్తాయి కాబట్టి ఒకటి రెండు సెకన్ల దాకా ఆలస్యం ఉండొచ్చు. పాటకి అది తెలియదు, టీవీలో పెదాలకీ మాటకీ పొంతన ఉండదు. టీవీ నుంచి యాంప్‌కి వేరేగా ఆప్టికల్ వైరే వేసుకోండి.

మీ యాంప్‌కి ఆప్టికల్ ఇన్‌పుట్లు ఉన్నాయా, ఉంటే ఎన్ని, ముందున్నది మెకానికల్ స్విచ్చా సాఫ్ట్ బటనా అన్నది రాయండి. అవి తెలిస్తే స్ట్రీమర్‌కి ఏ వైరు, స్మార్ట్ ప్లగ్ పనికొస్తుందా లేదా అన్నవి ఇక్కడే తేల్చి చెప్పొచ్చు.