మెట్లెక్కే లెక్కలో 88.2 వాట్లు రావాల్సింది, 196 ఎందుకొస్తోంది?

మీరు పెట్టిన లెక్క: 40 కిలోల అమ్మాయి 30 మెట్లు 20 సెకన్లలో ఎక్కింది. ఒక్కో మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు, వెడల్పు 30. సామర్థ్యం ఎంత? పుస్తకంలో 88.2 వాట్లని ఉంది, మీ పాపకి 196 వస్తోంది.

పాపకి సూత్రం (కిలోలు × గురుత్వ త్వరణం 9.8 × ఎత్తు ÷ సెకన్లు) వచ్చు, గుణకారమూ సరిగ్గానే చేసింది. 196 వచ్చిందంటే దూరం 10 మీటర్లు తీసుకుని ఉంటుంది. అది దాదాపు మెట్ల ఏటవాలు పొడవు. భూమి మనల్ని లాగేది నిట్టనిలువుగా కిందికి. కాబట్టి పైకి ఎంత లేచామన్నదే లెక్కలోకి వస్తుంది: 30 × 0.15 = 4.5 మీటర్లు. పని 40 × 9.8 × 4.5 = 1764 జౌల్స్. దాన్ని 20తో భాగిస్తే 88.2.

తొమ్మిదో తరగతిలో నేనూ ఇలాంటి తప్పే చేశాను. మా ఇంటి బోరుకు 1 హెచ్‌పీ మోటారు, అంటే 746 వాట్లు. మిద్దె మీద వెయ్యి లీటర్ల (అంటే వెయ్యి కిలోల నీళ్ల) ట్యాంకు నిండడానికి 25 నిమిషాలు పట్టేది. నేల నుంచి ట్యాంకు దాకా 11 మీటర్లు. 1000 × 9.8 × 11ని 1500 సెకన్లతో భాగిస్తే వచ్చింది 72 వాట్లే! పదో వంతు కూడా లేదు. మోటారు పాడైందేమోనని టెన్షన్ పడి నాన్నకి చూపించాను. ఆయన చదివింది ఐదో తరగతే. కాగితం చూసి, "నీళ్లు నేల మీద ఉన్నాయట్రా? 160 అడుగుల కింద ఉన్నాయి" అన్నారు.

అంటే దాదాపు 49 మీటర్లు. 11 కలిపితే 60. పని 5,88,000 జౌల్స్, సామర్థ్యం 392 వాట్లు. మోటారు అంతకన్నా లోతుకు దించి ఉంటుంది గానీ ఆ లోతు లెక్కలోకి రాదు, నీటిమట్టం నుంచే కొలవాలి. 746లో మిగతాదంతా పంపులో, పైపు రాపిడిలో పోతుంది. పైగా 746 అనేది మోటారు పంపుకు అందించేది, మీటరు నుంచి లాగేది ఇంకా ఎక్కువే.

అప్పటి నుంచి సూత్రం రాసే ముందు, ఏ బలానికి ఎదురుగా, ఎక్కడి నుంచి ఎక్కడికి అని పక్కన రాసుకునేవాణ్ణి. తలమీద బస్తా పెట్టుకుని చదును దారిలో నడిస్తే గురుత్వాకర్షణకు ఎదురుగా చేసిన పని సున్నా అని పుస్తకం చెప్పడం కూడా అప్పుడే అర్థమైంది. ఒళ్లు అలసిపోతుంది, నిజమే. కానీ బస్తా పైకి లేవలేదు కదా.

మీకూ బోరు, ట్యాంకు ఉంటే ఈ ఆదివారం పాప చేత టైము చూపించి నింపించండి. నిమిషాలను సెకన్లలోకి మార్చమని మాత్రం గుర్తుచేయండి. ఎత్తు ఎక్కడి నుంచి కొలవాలో మీరు చెప్పకండి, తననే చెప్పనివ్వండి.