పదవీ విరమణ తేనీటి విందు: ఏ కప్పులు కొనాలి, ఏవి అద్దెకు తేవాలి?

ప్రశ్న: నేను రాజమహేంద్రవరంలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. వచ్చే నెలాఖరుకు 62 ఏళ్లు నిండి పదవీ విరమణ చేస్తున్నాను. ఆ వారంలోనే సహోద్యోగులు, పాత స్నేహితులు నలభై మందిని ఇంటికి పిలిచి టీ ఇవ్వాలని ఉంది. ఆ తరువాత నెలకోసారి పది మంది స్నేహితురాళ్లం మా ఇంట్లోనే కలుసుకోవాలని అనుకున్నాం. దుకాణంలో బంగారు అంచున్న బోన్ చైనా సెట్టు చూశాను. 36 కప్పులు, సాసర్లు, టీ పాట్లు, పాల జగ్గులు కలిపి 54,000 రూపాయలు. నెలకు 6,000 చొప్పున తొమ్మిది నెలలు క్రెడిట్ కార్డు మీద కట్టవచ్చని, వడ్డీ లేదని చెప్పారు. 9,500 పెట్టి ఎలక్ట్రిక్ టీ డిస్పెన్సర్ కూడా తీసుకోమన్నారు. 2,000 అడ్వాన్సు ఇచ్చాను. మా వీధిలోని సప్లై కంపెనీలో కప్పు, సాసరు జతకు 10 రూపాయల అద్దె అంటున్నారు. ఇన్నేళ్లు కలిసి పనిచేసిన వాళ్లకు అద్దె కప్పుల్లో టీ ఇవ్వడానికి మనసొప్పడం లేదు. మీ సలహా ఏమిటి?

జవాబు: టీచరుగారూ, ఆ సెట్టు కొనకండి. డిస్పెన్సర్ అసలే వద్దు. మీ ఇంటికి పద్నాలుగు జతల మంచి తెల్ల పింగాణీ కప్పులు, సాసర్లు కొనుక్కోండి. నలభై మంది వచ్చే సాయంత్రానికి కావలసినవన్నీ అద్దెకు తెప్పించండి.

మీ ఉత్తరంలో రెండు వేర్వేరు అవసరాలు ఒకే ఖర్చులో కలిసిపోయాయి. నలభై మంది రావడం జీవితంలో ఒక్కసారి. పది మంది రావడం ప్రతి నెలా. వస్తువును ఎప్పుడూ తరచుగా వచ్చే అవసరానికి సరిపడా కొనాలి, అరుదుగా వచ్చేదానికి అద్దెకు తేవాలి. మీరు చూసిన సెట్టు ఈ రెండింటిలో దేనికీ సరిపోదు. పది మందికి టీ ఇచ్చే రోజున 26 జతలు అల్మారాలోనే ఉంటాయి. నలభై మంది వచ్చిన రోజున నాలుగు కప్పులు తక్కువ పడతాయి. అంత డబ్బు పోసి కూడా అవి బయటినుంచి తెచ్చుకోవాలి, అవి వీటితో కలవవు.

ఇక వడ్డీ లేని వాయిదాల సంగతి. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. ఇప్పుడు ‘నో కాస్ట్’ పేరుతో జరిగేది వేరు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని దుకాణమో కంపెనీయో ధరలో తగ్గించినట్టు చూపిస్తుంది. ఏడాదికి 16 శాతం వడ్డీ అనుకుంటే మీ 54,000లో అసలు సుమారు 50,570, వడ్డీ సుమారు 3,430. అంటే దుకాణం ఆ సెట్టును సుమారు 50,570కే అమ్మడానికి సిద్ధంగా ఉందన్నమాట. నగదు ఇచ్చేవాళ్లు గట్టిగా అడిగితే ఆ తగ్గింపు వాళ్లకు దక్కవచ్చు. పైగా వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే సుమారు 618 రూపాయలు, మీ బిల్లులోనే పడుతుంది. ప్రాసెసింగ్ రుసుము, దాని మీద మళ్లీ జీఎస్టీ ఉంటాయి. ఇవి చిన్న మొత్తాలే. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. పదవీ విరమణ తరువాత పెన్షన్ మంజూరై మొదటి నెల డబ్బు ఖాతాలో పడటానికి ఒక్కోసారి నెలలు పడుతుంది. జీతం ఆగి, పెన్షన్ మొదలుకాని ఆ వ్యవధిలో కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే, మిగిలిన బాకీ మీద నెలకు 3 నుంచి 3.75 శాతం దాకా వడ్డీ పడుతుంది. ఆ తరువాత కార్డు మీద కొన్న ప్రతి వస్తువుకూ వడ్డీ లేని గడువు పోతుంది, కొన్న రోజునుంచే లెక్క మొదలవుతుంది. ఉద్యోగం చివరి నెలలో కొత్త వాయిదా పెట్టుకోవద్దని నేను ఎవరికైనా ఇదే గట్టిగా చెబుతాను, కొనేది కప్పులైనా కారైనా.

బోన్ చైనా మంచి సరుకే, సందేహం లేదు. పల్చగా ఉన్నా అంత తేలికగా అంచు పగలదు, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అవతల వేలి నీడ కనిపిస్తుంది. 18వ శతాబ్దం చివర ఇంగ్లండులోని స్టోక్ ఆన్ ట్రెంట్‌లో జోసయా స్పోడ్ దీన్ని ఒక పద్ధతికి తెచ్చాడు. అయితే అందులో కలిసేది కాల్చిన పశువుల ఎముకల బూడిద. మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. మీ స్నేహితురాళ్లలో పట్టింపు గల శాకాహారులు ఉంటే ఇది ముందే తెలుసుకుని ఉండటం మంచిది. తరువాత తెలిసి బాధపడితే మీకూ కష్టంగా ఉంటుంది. బంగారు అంచు ఉన్నవి మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. గట్టి పీచుతో తోమితే ఆ అంచు కొన్నాళ్లకు మాసిపోతుంది.

అందుకే సాదా తెల్ల పింగాణీ అంటున్నాను. విడి జతలుగా, ఎప్పుడూ దొరికే నమూనాలో కొనండి. పెట్టె సెట్టులో ఒక్క కప్పు పగిలితే రెండేళ్ల తరువాత ఆ డిజైను దొరకదు, మిగతా సెట్టంతా వెలితిగా కనిపిస్తుంది. తెలుపు పక్కన తెలుపు పెట్టుకుంటూ పోవచ్చు. పది మందికి పద్నాలుగు ఎందుకంటే, మీతో కలిపి పది, అనుకోకుండా వచ్చేవాళ్లకు రెండు, పగిలేవాటికి రెండు. ఓపల్ గాజు, అంటే పాలలా తెల్లగా ఉండే గాజు కప్పులు కూడా చూడండి. అవి తేలిక, ఎముకల బూడిద ఉండదు, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. లోపలి వైపు రంగుపూత ఉన్న చౌక కప్పులు మాత్రం వద్దు. నాసిరకం పూతల్లో సీసం ఉండే ప్రమాదం ఉంది.

దుకాణంలో కప్పును చేత్తో తీసుకుని చూడకుండా కొనకండి. నీళ్లు నింపించి పట్టుకోండి. మీ స్నేహితురాళ్లందరూ అరవై దాటినవాళ్లే అయి ఉంటారు. వేళ్ల కీళ్లు నొప్పి ఉన్నవాళ్లకు సన్నని వంకీ పిడి చిత్రహింస. రెండు వేళ్లు సులువుగా దూరాలి, నిండు కప్పు ముందుకు వాలకూడదు. సాసరు గుంటలో కప్పు కదలకుండా కూర్చోవాలి. ప్రతి కప్పునూ గోటితో మీటండి. ఖంగుమంటే సరే, మొద్దుగా పలికితే కంటికి కనపడని పగులు ఉన్నట్టే. ఒకదానిమీద ఒకటి పేర్చగలిగే ఆకారమైతే అల్మారాలో చోటు కలిసొస్తుంది. మన ఇళ్లలో టీకి 120 మిల్లీలీటర్లు చాలు కాబట్టి 150 మిల్లీలీటర్ల కప్పు సరిపోతుంది. 200 మిల్లీలీటర్లవి తీసుకుంటే, సగం పోసి ఇచ్చారేమో అనిపిస్తుంది.

డిస్పెన్సర్ ఎందుకు వద్దంటే, పది మందికి ఒక్కో కప్పు అంటే 1.2 లీటర్లే. గిన్నెలో కాచి రెండు లీటర్ల స్టీలు ఫ్లాస్కులో పోస్తే రెండు గంటలు వేడిగా ఉంటుంది. నెలకోసారి తీసే యంత్రం గొట్టాల్లో పాల జిడ్డు పట్టి వాసన వస్తుంది, దాన్ని శుభ్రం చేయడమే ఒక పని. డబ్బు పెట్టాల్సింది ఫ్లాస్కు మీద. మూత విడదీసి కడిగే వీలుండాలి, రబ్బరు వలయం విడిగా దొరకాలి. కాఫీకి ఇంకో ఫ్లాస్కు ఇంట్లో ఉంటే దాన్నే వాడండి. టీకి, కాఫీకి ఒక్కటే వాడితే రెండింటి రుచీ పోతుంది. టీలో చక్కెర కలపకుండా చక్కెర గిన్నె విడిగా పెట్టండి. మీ వయసు స్నేహితుల్లో షుగరు ఉన్నవాళ్లు అడగడానికి మొహమాటపడతారు.

అద్దె కప్పుల విషయంలో మీ సంకోచం నాకు అర్థమైంది. కానీ వచ్చేవాళ్లు మీకోసం వస్తున్నారు. కప్పు ఎవరిదన్నది వాళ్లకు పట్టదు, శుభ్రంగా ఉందా లేదా అన్నదే పడుతుంది. 45 జతలూ ఒకే తెల్ల రకం కావాలని సప్లై కంపెనీకి ముందే చెప్పండి. ముందురోజు సాయంత్రమే తెప్పించుకుని, అంచు పగిలినవి ఏరి వెనక్కి పంపి, వేడినీళ్లతో మీ ఇంట్లోనే మరోసారి కడిగించండి. వాళ్ల మనిషి ఎదురుగా లెక్కపెట్టి, పగిలితే జతకు ఎంత వసూలు చేస్తారో కాగితం మీద రాయించుకోండి. కుళాయి ఉన్న పది లీటర్ల స్టీలు టీ క్యాన్ కూడా అక్కడే అడగండి. నలభై మందికి, మళ్లీ అడిగేవాళ్లతో కలిపి, ఆరు లీటర్ల టీ కాచండి. టీ పొడి 125 గ్రాములు పడుతుంది. ముహూర్తాల రోజు అయితే సామాను దొరకదు, ఇప్పుడే చెప్పి ఉంచండి.

చౌకని పేపరు కప్పుల వైపు మాత్రం వెళ్లకండి. వాటి లోపలి పొర ప్లాస్టిక్కే. అలాంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవాన్ని 15 నిమిషాలు ఉంచితే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు అందులోకి చేరుతున్నట్టు ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో గుర్తించారు.

ఖర్చు చూద్దాం. పద్నాలుగు జతలు, జత 300 చొప్పున 4,200. పలహారానికి పద్నాలుగు చిన్న ప్లేట్లు, 150 చొప్పున 2,100. ఫ్లాస్కు 2,000, రెండు ట్రేలు 1,000, చక్కెర గిన్నె, పాల జగ్గు 600. అద్దె 450. అంతా కలిపి 10,350. ధరలు మీ ఊళ్లో కొంత అటూఇటూ ఉండవచ్చు. క్యాన్ అద్దె దీనికి అదనం. దుకాణం వాళ్లు చెప్పిన సెట్టు, డిస్పెన్సర్ కలిపితే 63,500. అంటే సుమారు 53,000 మిగులుతుంది.

పదవీ విరమణ డబ్బు అందాక ఆ 53,000ను సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేయండి. పోస్టాఫీసులోగానీ బ్యాంకులోగానీ తెరవవచ్చు. 8.2 శాతం వడ్డీ వచ్చేటప్పుడు చేరితే అదే రేటు అయిదేళ్లూ ఉంటుంది, మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది. మీ మొత్తానికి మూడు నెలలకు సుమారు 1,086 రూపాయలు, నెలకు 360 పైన. వడ్డీ మీద పన్ను మీ ఆదాయాన్నిబట్టి ఉంటుంది. పది మందికి పాలు, టీ పొడి, చక్కెర, ఒక పూట పకోడీలకు సరిపడా డబ్బు అది. అసలు కదలకుండా అయిదేళ్ల పాటు మీ నెలవారీ టీ ఖర్చును అదే భరిస్తుంది. ఏడాది గడిచాక కూడా ఆ బంగారు అంచు కప్పుల మీద మనసుంటే, రెండు జతలు విడిగా, నగదుతో కొనుక్కోండి. ఇష్టమైన వస్తువు కొనుక్కునే హక్కు మీకు పూర్తిగా ఉంది.

అడ్వాన్సు 2,000 పోతుందేమోనని వెనకాడవద్దు. ఆ రెండు వేల కోసం 54,000 పెట్టడం సరికాదు. రసీదు పట్టుకుని ఈ వారంలోనే అదే దుకాణానికి వెళ్లి, ఆర్డరు రద్దు చేసి ఆ మొత్తాన్ని తెల్ల కప్పుల బిల్లులో సర్దమని అడగండి. సరుకు ఇంకా పంపలేదు, మీరు కొనేది కూడా వాళ్ల దగ్గరే కాబట్టి ఒప్పుకునే అవకాశం ఎక్కువ. కార్డు మీద వాయిదాల దరఖాస్తు పెట్టి ఉంటే, దాన్ని కూడా రద్దు చేసినట్టు బ్యాంకు నుంచి సందేశం వచ్చిందో లేదో చూసుకోండి.