కంచి–మహాబలిపురం బస్సు యాత్ర: కొత్త జంట వెళ్లవచ్చు, అదే బస్సులో తిరిగి రానక్కర్లేదు

చెన్నైలో కొత్త కాపురం పెట్టాం, ఆషాఢం రాకముందే ఒక్కరోజు బస్సు యాత్రలో కంచి, మహాబలిపురం చూసి రావాలనుకుంటున్నాం, ఇద్దరికీ కాస్త ఏకాంతం దొరుకుతుందా అని అడిగారు. పెళ్లయిన కొత్తలో మేమూ ఇదే యాత్రకు వెళ్లాం. ఉదయం నిస్సందేహంగా బస్సులోనే వెళ్లండి. సాయంత్రం మాత్రం మహాబలిపురంలో దిగిపోయి, ఆ రాత్రికి అక్కడే ఉండండి.

బస్సు ఎందుకంటే, కంచి గుళ్లు మధ్యాహ్నం పన్నెండు దాటితే మూసేస్తారు, మళ్లీ నాలుగింటికి గానీ తెరవరు. చెన్నై నుంచి దాదాపు 75 కిలోమీటర్లు. సొంతంగా కారు మాట్లాడుకుంటే బయలుదేరేసరికే ఎండెక్కుతుంది. యాత్ర బస్సు తెల్లవారుజామునే కదులుతుంది, గైడు ఒక గుడి తర్వాత ఒక గుడికి ఆలస్యం లేకుండా తీసుకెళ్తాడు. టికెట్టు తీసుకునేటప్పుడే పక్కపక్కన రెండు సీట్లు అడగండి. నా మెడలో పసుపుతాడు చూసి వెనక సీటులోని పెద్దావిడ, ‘కొత్తగా పెళ్లయిందా అమ్మా’ అని పలకరించి, ఏకామ్రేశ్వరుడి గుడిలో మామిడిచెట్టు చూడకుండా రావద్దని చెప్పారు. ఆవిడ చెప్పకపోతే, గైడు తొందరలో మేము ఆ చెట్టు దగ్గరికి వెళ్లేవాళ్లమే కాదు.

అక్కడి స్థలపురాణం కొత్త దంపతుల కోసమే ఉన్నట్టు ఉంటుంది. మామిడిచెట్టు కింద అమ్మవారు ఇసుకతో లింగం చేసి పూజిస్తుండగా వేగవతి నది పొంగింది. లింగం కొట్టుకుపోకుండా ఆమె రెండు చేతులతో దాన్ని గుండెకు హత్తుకుంది. స్వామి కరిగిపోయి ప్రత్యక్షమై, ఆ చెట్టు కిందే ఆమెను పెళ్లాడాడు. పంచభూత లింగాలలో పృథ్వీలింగం ఇదే. బయటికి వచ్చాక రాజగోపురాన్ని తలెత్తి చూడండి, 1509లో మన శ్రీకృష్ణదేవరాయలు కట్టించినది. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ రోజుల్లో వెళ్తే ప్రాకారంలో రాతిబండల మీద కాలు మోపలేరు. ఇద్దరికీ మందపాటి మేజోళ్లు తప్పక పెట్టుకోండి.

తర్వాత బస్సు ఒక పట్టుచీరల దుకాణం దగ్గర ఆగుతుంది. దిగినంత మాత్రాన కొనాలని లేదు. కొనాలనిపిస్తే, ఒంటి రంగు, అంచు రంగు వేరుగా ఉన్న చీరను తిరగేసి, రెండు రంగులూ కలిసేచోట వేలితో తడిమి చూడండి. అసలైన కంచి నేతలో ఒంటి పోగులు, అంచు పోగులు అక్కడ ఒకదానితో ఒకటి పెనవేసుకుని గట్టిగా పట్టుకుని ఉంటాయి. దీన్ని కోర్వై అంటారు. ఇందుకు మగ్గం మీద మూడు నాడెలు ఆడాలి, నేసేవారి పక్కన ఇంకొకరి చేయి కూడా కావాలి. ధర అందుకే అంత ఉంటుంది.

మహాబలిపురం చేరేసరికి మండుటెండ. మా గైడు గంటలో అన్నీ చూసి రమ్మన్నాడు. పల్లవులు చెక్కించిన ఆ ఊరిని గంటలో చూడమనడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అర్జునుడి తపస్సు శిల్పంలో ఏనుగులను అందరూ చూస్తారు. వాటికి దగ్గరలోనే, కింద, వెనక కాలితో ముక్కు గోక్కుంటున్న ఒక జింక ఉంది. పక్కనే కృష్ణ మండపంలో గోపాలుడు పాలు పితుకుతుంటే, ఆవు మెడ తిప్పి దూడను నాకుతూ ఉంటుంది. మా వారు ఆ ఆవు ముందు నిలబడిపోయారు, నేను ఆయన పక్కన నిలబడ్డాను. పెళ్లి హడావిడి మొదలైన దగ్గరనుంచి మేమిద్దరం ఏ తొందరా లేకుండా ఒకే వస్తువును చూస్తూ నిలబడ్డది అదే మొదటిసారి. ఉండిపోదామని అక్కడే అనుకున్నాం, గైడుకు చెప్పి సంచి దింపుకున్నాం.

మీరు ఈ మాట గైడుకు ఉదయమే చెప్పండి, సంచి డిక్కీలో వేయకుండా దగ్గరే ఉంచుకోండి. తిరుగు ప్రయాణం చేయకపోయినా ఛార్జీ తగ్గించరు. గది కోసం ఇద్దరి ఆధార్ కార్డులూ అవసరం. తెల్లవారి ఆరింటికే తీరాలయం తెరుస్తారు. ఆలయం తూర్పు ముఖంగా ఉంటుంది కాబట్టి పొద్దుటి వెలుగు నేరుగా రాతి మీద పడుతుంది, జనం ఉండరు. మీరు అడిగిన ఏకాంతం దొరికేది అప్పుడే. ఎండ ముదరకముందే పంచరథాలు, అంటే రథాల ఆకారంలో రాతిలో మలిచిన ఐదు కట్టడాలు, చూసేయండి. సముద్రంలో మోకాళ్ల లోతు దాటవద్దు, అలలు బలంగా లాగుతాయి.

చెన్నైకి బస్సులు తరచుగానే ఉంటాయి. వీలైతే దారిలో ముట్టుకాడు దగ్గర, దక్షిణాది పాతకాలపు ఇళ్లను చూపించే దక్షిణచిత్ర మ్యూజియం దగ్గర దిగండి. విశాఖ తీరపు చుట్టిల్లు, కొయ్యలగూడెం ఇక్కత్ నేతగాని ఇల్లు అక్కడ ఉన్నాయి. మంగళవారం మాత్రం సెలవు.