ఇంట్లో పుట్టగొడుగులు పెంచేటప్పుడు క్రిమిసంహారకాలను ఎంతవరకు, ఎలా వాడాలి?

అపార్టుమెంటులోని చిన్న గదిలో ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పెంచాలనుకుంటున్నామని, వరిగడ్డిని ఫార్మాలిన్, కార్బెండజిమ్ అనే బూజుమందు కలిపిన నీళ్ళలో నానబెట్టవచ్చా అని, చేతులకూ బల్లకూ ఏ మందు వాడాలని, కోసిన పుట్టగొడుగులను దేనితో కడగాలని మీరు అడిగారు. ఇంట్లో మూడేళ్ళ పాప ఉందని కూడా రాశారు. ఆ చివరి మాటను దృష్టిలో పెట్టుకొనే ఈ జవాబంతా రాస్తున్నాను. నేను ఆరేళ్ళుగా హనుమకొండలో, ఇంటి మేడమీది గదిలో ఇదే రకాన్ని పెంచుతున్నాను.

ముందుగా ఫార్మాలిన్ సంగతి. వంద లీటర్ల నీటికి 125 మిల్లీలీటర్ల ఫార్మాలిన్, 7.5 గ్రాముల కార్బెండజిమ్ కలిపి అందులో గడ్డిని పదహారు నుంచి పద్దెనిమిది గంటలు నానబెట్టే పద్ధతి మన దేశంలో చాలాకాలంగా శిక్షణల్లో చెబుతున్నదే, అది పనిచేస్తుంది కూడా. అయితే అది ఊరి బయట, గాలి ధారాళంగా ఆడే షెడ్డులో, పిల్లలు తిరగని చోట పనిచేసే రైతును ఉద్దేశించిన పద్ధతి. ఫార్మాలిన్ అంటే నీటిలో కరిగిన ఫార్మాల్డిహైడ్ వాయువే. సీసా మూత తీసిన క్షణం నుంచి ఆ వాయువు వెలువడుతూనే ఉంటుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దానిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో మొదటి వర్గంలో చేర్చింది. మొదటి ఏడాది నేను కూడా మేడమీద డ్రమ్ములో ఈ ద్రావణం కలిపాను. మరునాడు ఉదయం మూతగా కప్పిన పాలిథీన్ షీటు ఎత్తేసరికి కళ్ళు భగ్గుమని మండి, అరగంట సేపు నీళ్ళు కారుతూనే ఉన్నాయి, గొంతు సాయంత్రం వరకు గీరుకుంటూ ఉంది. పైగా మిగిలిన ఎనభై లీటర్ల మందునీటిని ఎక్కడ పారబోయాలి అన్న ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. మీకు కూడా ఉండదు. కాబట్టి మీ గదిలోకి ఫార్మాలిన్ తీసుకురావద్దని గట్టిగా చెబుతున్నాను.

దాని బదులు వేడినీళ్ళు చాలు. గడ్డిని రెండంగుళాల ముక్కలుగా కోసి, రాత్రంతా మామూలు నీళ్ళలో నానబెట్టి, గోనెసంచిలో నింపి, ఎనభై డిగ్రీల వేడినీటిలో గంట నుంచి గంటన్నర వరకు పూర్తిగా మునిగేలా ఉంచండి. సంచి పైకి తేలకుండా బరువు పెట్టాలి, వేడి తగ్గకుండా థర్మామీటరుతో చూసుకోవాలి. గడ్డిలోని సూక్ష్మజీవులన్నీ చావనక్కరలేదు. పుట్టగొడుగు విత్తనం (స్పాన్) కంటే వేగంగా పెరిగే బూజులు చస్తే సరిపోతుంది. మిగిలిన కొన్ని బ్యాక్టీరియాలు ఆ బూజులు మళ్ళీ స్థిరపడకుండా అడ్డుపడతాయి కూడా. తరువాత గడ్డిని శుభ్రమైన షీటు మీద ఆరబెట్టి, గుప్పెడు తీసుకొని గట్టిగా పిండితే నీరు కారకుండా అరచేయి మాత్రం తడి అయ్యే స్థితిలో విత్తనం కలపండి. చాలామంది మందు సరిపోలేదని అనుకునే సందర్భాల్లో అసలు లోపం ఈ తడి ఎక్కువ కావడమే. పెద్ద గంగాళంలోని వేడినీటితో చేసే పని కనుక ఆ గంటన్నర సేపు పాపను వంటగది వైపు రానివ్వకండి.

కొందరు సున్నపు నీటిలో గడ్డి నానబెడతారు. అదీ పనిచేసే పద్ధతే, కానీ ఆ నీటి క్షారత చర్మాన్ని, కళ్ళను కాల్చేంత ఉంటుంది. రబ్బరు చేతితొడుగులు, కళ్ళద్దాలు లేకుండా సున్నం తొట్టి దగ్గరకు వెళ్ళకూడదు.

ఇక చేతులు, కత్తి, బల్ల. ఇక్కడ మాత్రం క్రిమిసంహారకం అవసరమే. ముందు సబ్బుతో మురికి పోయేలా కడిగి, ఆరిన తరువాత 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు (స్పిరిటు) రాసి, కనీసం అర నిమిషం తడిగా ఉండనివ్వండి. 99 శాతం ఉన్నది ఇంకా బలమైనదనుకొని కొనవద్దు. సూక్ష్మజీవిలోని మాంసకృత్తులను చెడగొట్టడానికి కొంత నీరు కావాలి, అదీగాక ఎక్కువ గాఢత గలది క్షణాల్లో ఆవిరైపోతుంది. స్ప్రే చేయకుండా గుడ్డను తడిపి తుడవండి, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడే ఉంది.

రెండో ఏడాది ఒక మధ్యాహ్నం, గాలిలోని బూజు రేణువులు లోపలికి రాకుండా తలుపులు మూసి, ఫ్యాను ఆపి, బల్లమీద, చేతితొడుగుల మీద బాగా స్ప్రే చేసి, కత్తి మొన కాల్చడానికి స్పిరిటు దీపం వెలిగించాను. ఎడమ చేతికి మంట అంటుకుంది. కిటికీలోంచి పడుతున్న వెలుతురులో ఆ లేత నీలిమంట కంటికి కనిపించలేదు. పలచని ప్లాస్టిక్ తొడుగు ముడుచుకుపోయి వేళ్ళ వెనుక చర్మానికి అతుక్కున్నాకే అది కాలుతోందని తెలిసింది. తడి తువ్వాలు పక్కనే ఉండబట్టి అంతటితో ఆగింది. అప్పటి నుంచి నేను మంటను పూర్తిగా మానేశాను. విత్తనం కలిపే పనికి కత్తిని మరిగించిన నీటిలో ఉంచి, స్పిరిటుతో తుడిస్తే చాలు. మీరు కూడా ఆల్కహాలు, నిప్పు ఒకే గదిలో ఉండకుండా చూడండి. దేవుడి దీపం, దోమల చుట్ట, అగరబత్తి కూడా నిప్పేనని గుర్తుంచుకోండి.

నేలకు, ప్లాస్టిక్ తొట్లకు బ్లీచింగ్ ద్రావణం మంచిది. దుకాణంలో దొరికే నాలుగైదు శాతం సోడియం హైపోక్లోరైటును ఒక పాలుకు తొమ్మిది పాళ్ళ చల్లని నీళ్ళు కలిపి, పది నిమిషాలు ఉంచి, మంచినీళ్ళతో తుడిచెయ్యండి. ఏ రోజుకారోజు కలుపుకోవాలి, ఎండకూ వేడికీ దాని బలం తగ్గిపోతుంది. ఇనుప వస్తువులకు తగిలితే తుప్పు పడుతుంది. దానిని మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది, అమ్మోనియా ఉన్న క్లీనరుతో కలిపితే మరో విషవాయువు, స్పిరిటుతో కలిపితే క్లోరోఫారం వంటివి ఏర్పడతాయి. అందుకే ఒక మందు వాడిన చోట నీళ్ళతో కడిగి ఆరనిచ్చాకే రెండోది వాడాలి. వాడేటప్పుడు కిటికీలు తెరవండి, విత్తనం కలిపే పనిని ఆ తరువాత వేరే పూట పెట్టుకోండి.

విత్తనం కలిపిన గడ్డిని నింపిన సంచిలో ఆకుపచ్చ బూజు కనిపిస్తే దాని మీద ఏ మందూ చల్లవద్దు. స్ప్రే తాకిడికి బూజు రేణువులు గది అంతా లేస్తాయి. మాస్కు పెట్టుకొని, సంచిని తెరవకుండా మరో సంచిలో మూటగట్టి బయటకు తీసుకుపోండి. మొగ్గలు వచ్చిన సంచులకైతే ఎటువంటి క్రిమిసంహారకమూ తగలకూడదు, వాటి మీదికి మంచినీటి తుంపర్లు మాత్రమే.

ఈ సీసాలన్నీ కొన్న డబ్బాల్లోనే, పేరు కనిపించేలా, తాళం వేసిన అలమరలో పెట్టండి. తాగునీటి సీసాలో బ్లీచింగ్ పోసి ఉంచడం మన ఇళ్ళలో అలవాటు, పాప ఉన్న ఇంట్లో దానికి తావివ్వకండి. కంట్లో పడితే ధారగా కారే నీటితో పావుగంట కడిగి వైద్యుని దగ్గరకు వెళ్ళండి. మింగితే వాంతి చేయించకుండా, డబ్బా చేతపట్టుకొని 108కి ఫోన్ చేయండి.

మీ చివరి ప్రశ్నకు: కోసిన పుట్టగొడుగులను దేనితోనూ శుద్ధి చేయనవసరం లేదు. మొదలుకు అంటుకున్న గడ్డిని కత్తిరించి, వండే ముందు మాత్రమే మంచినీళ్ళలో ఒకసారి జాడించి తీయండి. ముందే కడిగి దాచితే మరునాటికే జిగురు పడతాయి.