గాయపాకు, గుంటగలగర ఒకటేనా?

సందేహం: దెబ్బ తగిలితే మా నాయనమ్మ గాయపాకు పసరు పిండేది. ఇప్పుడు దాన్నే గడ్డిచామంతి అంటున్నారు. పక్కింటివాళ్లేమో అదే గుంటగలగర అంటూ తలనూనెలో వేసి కాస్తున్నారు. ఈ పేర్లన్నీ ఒక మొక్కవేనా? గుంటగలగర, గుంటకలగరల్లో ఏది ఒప్పు?

సమాధానం: గాయపాకు, గడ్డిచామంతి ఒకటే. పక్కింటివాళ్లు మాత్రం పొరబడ్డారు. గుంటగలగరదీ చామంతి కుటుంబమే గానీ మొక్క వేరు.

'గాయము' మరో నామవాచకం ముందు చేరితే 'గాయపు' అవుతుంది. గాయపు + ఆకు, గాయపాకు. ఇది పనిని బట్టి వచ్చిన పేరు. గడ్డిచామంతి రూపాన్ని బట్టి వచ్చింది. గోడ వార, రోడ్డు పక్కన గడ్డిలా మొలుస్తుంది, పువ్వు బుల్లి చామంతిలా ఉంటుంది. చిన్నప్పుడు మేం పలకలు రుద్దింది ఈ ఆకుతోనే. పలకాకు అనే పేరు అలా వచ్చిందే. దీని పుట్టిల్లు అమెరికా ఖండంలోని ఉష్ణప్రాంతాలు కాబట్టి మన ప్రాచీన ఆయుర్వేద గ్రంథాల్లో వెతికితే దొరకదు. ఎక్కడినుంచో వచ్చిన మొక్కకి మన పల్లెజనం ఇన్ని చక్కని తెలుగు పేర్లు పెట్టుకున్నారంటే నాకెంతో ముచ్చటేస్తుంది. అయితే ఆ పసరు పైపై గీతలకే. లోతుగా తెగితే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

గుంటగలగర పేరులో అది పెరిగే చోటుంది. నీటిగుంటలు, కాలువ గట్లు, వరిమళ్ల తడి దానికిష్టం. సంస్కృతంలో భృంగరాజం. భృంగమంటే తుమ్మెద. లేత కాడ గిల్లి వేళ్ల మధ్య నలపండి, కాసేపటికి పసరు నల్లబడుతుంది. ఆ పేరు దీనికెంత అతికిందో మీకే తెలుస్తుంది. తలనూనెలో కాచేది దీన్నే. ఇదే పసరులో గుడ్డ తడిపి, ఆరబెట్టి, వత్తి చేసి వెలిగించి, ఆ మసితో కాటుక పట్టేవారు.

పువ్వు చూస్తే తేడా తెలిసిపోతుంది. గడ్డిచామంతి పువ్వు పొడవాటి కాడ చివర ఒంటరిగా నిలబడుతుంది, నడుమ పసుపు. గుంటగలగర పువ్వు తెల్లగా, చొక్కా గుండీ అంత, పొట్టి కాడతో ఆకుల దగ్గరే ఉంటుంది.

ఇక క, గ అక్షరాల సంగతి. కూర, కాయ కలిసి 'కూరగాయ' అయినట్టే, 'కలగర'లోని క సమాసంలో గ అయింది. రెండు రూపాలూ మూలికల పుస్తకాల్లో ఉన్నాయి, రెండూ ఒప్పే. నోటికి హాయిగా ఉండేది గుంటగలగరే, నేను అలాగే రాస్తాను. పేరు దగ్గరగా ఉంది కదా అని గలిజేరు మాత్రం తెచ్చుకోకండి. అది అసలు ఈ కుటుంబమే కాదు.