ఫోన్ ఎత్తిన చెయ్యి ఎంతసేపు ఆగుతది?

స్రవంతి బిడ్డా,

నువ్వు పంపిన ప్లాన్ మొత్తం చదివిన. ఖిలా వరంగల్ కోటలో నిధి వెతికే ఫోన్ ఆట, బతుకమ్మకు ఫిల్టర్, కొత్తవాడ జంపఖానాలకు యాప్, బంగారం దుకాణంలో కమ్మలు పెట్టుకొని చూసే అద్దం. నాలుగిటికీ ఆగ్మెంటెడ్ రియాలిటీ (ఏఆర్), అంటే కెమెరాలో కనబడే అసలు జాగ మీద లేని బొమ్మను నిలబెట్టి చూపించుడు, అని ఒకటే పేరు పెట్టినవ్ గాని, ఇవి నాలుగు వేర్వేరు బేరాలు. ఒకదానికి వచ్చిన గిరాకి ఇంకోదానికి రాడు. గోడల మీద పేర్లు రాసిన రోజుల నుంచి ఫ్లెక్సీల దాకా, ఇప్పుడు మన ఆఫీసు పిల్లలు చేస్తున్న కెమెరా పనుల దాకా నేను పబ్లిసిటీలోనే ఉన్న. కోడింగ్ నాకంటే నీకే బాగ తెలుసు. నేను గిరాకి దిక్కు నుంచి చెప్త.

ముందుగాల ఒక పని చెయ్యి. ఫోన్‌లో కెమెరా తెరిచి, ఛాతీ ఎత్తులో పట్టుకొని గది మధ్యలో నిలబడు. కొంచెంసేపటికే మోచెయ్యి గుంజుతది. ఆ చెయ్యి కిందికి దిగేలోపు చూసేటోళ్లకు జవాబు దొరకాలె. జవాబు దొరకాలంటే వాళ్ల మనసులో ముందే ఒక ప్రశ్న ఉండాలె. ఇది మా హాల్లో పడ్తదా? నా ముఖానికి నప్పుతదా? ఈ స్తంభాల మీద కప్పు ఉన్నప్పుడు గుడి ఎట్ల ఉండెనో? ప్రశ్న లేనికాడ కెమెరా తెరిపిస్తే ‘అబ్బ, భలే ఉంది’ అని నవ్వి ఫోన్ జేబులో పెట్టుకుంటరు. దుకాణపాయన ఆ నవ్వుకు రెండోసారి పైసలియ్యడు.

2017లో ఐకియా వాళ్లు ‘ఐకియా ప్లేస్’ అని యాప్ తెచ్చిండ్రు, ఐఫోన్లలో ఏఆర్ నడిపే ఆపిల్ సాఫ్ట్‌వేర్ ఏఆర్‌కిట్ వచ్చిన ఏడే. సోఫాను అసలు కొలతల్లో మన గదిలో నిలబెట్టి చూపిస్తది. అందులో గొప్ప ఏముంది అంటే, సోఫా కొనేటోళ్లు ఎప్పటినుంచో టేపు పట్టుకొని కొలుస్తున్న ప్రశ్నకే అది జవాబు చెప్పింది. కొత్త సరదా ఏదీ పుట్టించలేదు. నీ నాలుగిట్లో ఆ లెక్కకు సరిగ్గ తూగేది జంపఖానా. అందుకే ముందుగాల అదే పట్టుకో. 2018లో వరంగల్ దర్రీలకు, అంటే మన జంపఖానాలకే, జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకే అని సర్కారు ఇచ్చే గుర్తింపు) వచ్చింది గనుక దూరపు ఊళ్లోళ్లు పేరు విని ఫోన్ చేస్తున్నరు, కానీ ఫోటో చూసి సైజు అంచనా కట్టలేక ఆగిపోతున్నరు. ప్రశ్న అక్కడ తయారుగ ఉన్నది.

ఇది ఎట్ల పని చేస్తదో నీకు తెలుసు గాని, జంపఖానాల దుకాణం సేటుకు చెప్పేటప్పుడు ఇట్ల చెప్పు: ఫోన్ కెమెరా నేల మీది గుర్తులు పట్టుకుంటది, టైల్ అంచు, బండల సందు, ఏదన్న మచ్చ. చెయ్యి ఎటు, ఎంత కదిలిందో లోపలి సెన్సర్లు చెప్తయి. రెండూ కలిపి నేల ఎక్కడున్నదో లెక్క కడ్తది. షాబాదు బండలు పరిచిన ఇంట్ల మంచిగ పట్టుకుంటది. మెరుగు పెట్టిన తెల్ల మార్బుల్ మీద, పైన ట్యూబులైటు వెలుగు మెరుస్తుంటే, జంపఖానా అటిటు జారుతది. దుకాణంలో నేల ఎట్లుందో ముందే చూసి, చూపించే జాగ నువ్వే ఎంచుకో. ‘ఎక్కడన్న పెట్టి చూడుండ్రి సార్’ అని అన్నవా, ఆయన పోయి పోయి ఆ మెరిసే జాగలనే పెడ్తడు.

కొలత దగ్గర పైలం. 4 అడుగులకు 6 అడుగుల జంపఖానా అంటే 1.22 మీటర్లకు 1.83 మీటర్లు. త్రీడీ మోడల్ దాచే జీఎల్‌బీ ఫైల్‌లో లెక్క మీటర్లలోనే ఉంటది. మోడల్ చేసిన పిల్లగాడు సెంటీమీటర్ల అంకెలు అట్లనే పంపితే జంపఖానా వంద రెట్లు పెరిగి గల్లీ మొత్తం కప్పుతది. ఇంకోటి, సైజు మార్చుకునే వీలు పెట్టకు. రెండు వేళ్లతో గుంజి పెద్దగ చేసి ‘సరిపోయింది’ అనుకొని కొంటరు, ఇంటికొచ్చినాక తిట్లు సేటుకు.

బల్లపరుపు వస్తువు కాబట్టి మోడల్ తేలిక, కష్టమంతా ఫోటోలోనే. ట్యూబులైట్ కింద తీస్తే నీలం వేరే రంగుకు తిరుగుతది. పొద్దున పూట, నీడపట్టున, పక్కన తెల్ల కాగితం పెట్టి తియ్యి. తర్వాత తెలుపు సరిచేసుకోవచ్చు. మందం కొద్దిగ ఇయ్యి, అంచున కుచ్చులు ఇయ్యి, కింద పల్చటి నీడ ఇయ్యి. ఈ మూడు లేకుంటే నేలకు స్టిక్కర్ అంటించినట్టు కనబడ్తది. ఎంత చేసినా ఒక్కో ఫోన్ తెర ఒక్కో రంగు చూపిస్తది. పెద్ద బేరమైతే నమూనా ముక్క కొరియర్ చెయ్యమని సేటుకు ముందే చెప్పు. కెమెరా సైజుకు జవాబు చెప్తది గాని రంగుకు పూచీ ఉండదు.

యాప్ మాత్రం చెయ్యకు. ఒక్క జంపఖానా చూడనీకె ఎవ్వరూ యాప్ ఎక్కించుకోరు. ట్యాగ్ మీద క్యూఆర్ కోడ్ పెట్టు, బ్రౌజర్‌లోనే తెరుచుకోవాలె. వెబ్ పేజీలో త్రీడీ బొమ్మ చూపించే గూగుల్ వాళ్ల మోడల్-వ్యూయర్ ఉచితమే. బొమ్మను గదిలో నిలబెట్టి చూపించే సాధనాలకు, ఆండ్రాయిడ్‌లో సీన్ వ్యూయర్‌కు, ఐఫోన్‌లో యూఎస్‌డీజెడ్ అనే త్రీడీ ఫైల్‌తో క్విక్ లుక్‌కు, అదే తీసుకపోతది. అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఏఆర్ నడిపే గూగుల్ సాఫ్ట్‌వేర్ ఏఆర్‌కోర్ ఉండదు. లేనోళ్లకు వేలితో తిప్పి చూసే బొమ్మ, పక్కన అడుగుల్లో కొలత కనబడాలె, ఖాళీ తెర రావద్దు. ఫైల్ రెండు మూడు ఎంబీలు దాటనియ్యకు. సేటు కొడుకు దుకాణం వైఫైలో చూసి మురుస్తడు, కొనేటామె జమ్మికుంట బస్సులో కూసోని తెరుస్తది.

క్యూఆర్‌లో నీ సొంత వెబ్ అడ్రసే ఉండాలె. ఉచితంగ కోడ్ చేసిచ్చే సైట్ల లింకు పెడితే, వాళ్లు గడువు పెట్టిన రోజు అచ్చేసిన ట్యాగులన్నీ చెత్తే.

కమ్మల అద్దం సంగతి. లెన్స్‌కార్ట్‌లో కళ్లజోడు పెట్టుకొని చూసిన జనం ఇది అడుగుతరు, నిజమే. కానీ ఒక్క ముందు కెమెరాతో ముఖం అసలు సైజు కచ్చితంగ తెల్వది. అందుకే జుంకీలు కొంచెం చిన్నగనో పెద్దగనో కూసుంటయి, జుట్టు అడ్డం వస్తే చెవి దొరకదు. కళ్లజోడు కాడ ఆ తేడా కనబడదు, తులాల లెక్కన కొనే బంగారం కాడ కనబడ్తది. పైగ ముఖం బొమ్మలు పట్టుకున్నవంటే 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నీ మీదికొస్తది. కెమెరా బొమ్మ ఫోన్ దాటి బయటికి పోవద్దు, ఎక్కడా దాచొద్దు. దుకాణపాయన ‘ఆ ఫోటోలు, నంబర్లు మాకియ్యి’ అంటడు, తప్పక అంటడు. ముందే కాగితం మీద కాదని రాయించుకో. ఇది రెండో ఏడు చూద్దువు.

బతుకమ్మ ఫిల్టర్ మీద నీకు మస్తు ఆశ ఉన్నట్టున్నది. చెయ్యి, కాని దాని ఆయుష్షు ఎంతో తెలుసుకొని చెయ్యి. ఇన్‌స్టాగ్రామ్ ఫిల్టర్లు చేసుకునే స్పార్క్ ఏఆర్‌ను మెటా వాళ్లు 2025 జనవరి 14న బంద్ చేసిండ్రు. బయటోళ్లు ఏండ్లకేండ్లు కూసోని చేసిన ఫిల్టర్లన్నీ ఆ రోజుతోటి పోయినయి. కిరాయి గోడ మీద బొమ్మ గీసినట్టే ఇది, ఇంటాయన సున్నం కొట్టిస్తే అడిగే దిక్కు లేదు. స్నాప్‌చాట్ లెన్స్ స్టూడియో ఉన్నది, అక్కడ చేసుకో. కాని మోడళ్లు, బొమ్మలు నీ దగ్గర విడిగ దాచుకో, గోడ మారినా బొమ్మ మిగలాలె. పండుగ తొమ్మిది రోజుల పని, తొమ్మిది రోజుల రేటే చెప్పు, ఏడాది ఒప్పందం రాయకు. పూలు మాత్రం సరిగ్గ పెట్టు. తంగేడు, గునుగు, కట్ల, బంతి వరుసలు మీ అమ్మను అడిగి పేర్చు. గులాబీలు పెట్టి బతుకమ్మ అంటే హన్మకొండ ఆడోళ్లు ఊకోరు.

దుకాణమోళ్లు ‘విదేశాల్లో ఏమేమో చేస్తున్నరట’ అంటరు. వాళ్లకు లండన్ బస్ షెల్టర్ ముచ్చట చెప్పు. 2014లో పెప్సీ మ్యాక్స్ వాళ్లు ఒక షెల్టర్ గోడను తెర చేసి, అవతలి రోడ్డు కెమెరాతో చూపిస్తూ, ఆ రోడ్డు మీద పులి నడిచినట్టు, ఆకాశం నుంచి ఉల్క పడ్డట్టు చూపిచ్చిండ్రు. చూసినోళ్లెవ్వరూ ఫోన్ తియ్యలేదు, చెయ్యి ఎత్తలేదు. బస్ కోసం ఎట్లనో నిలబడ్డోళ్లే. మన కాడ అసుంటిది పెట్టాలంటే పెండ్లి బట్టల దుకాణంలో చుట్టాలు గంటలకొద్దీ కూసునే జాగ మంచిది. 2019లో బ్రెజిల్‌లో బర్గర్ కింగ్ చేసింది మాత్రం చెప్పకు. పోటీ కంపెనీ బోర్డు మీదికి ఫోన్ చూపిస్తే తెర మీద అది కాలిపోయి, ఉచిత బర్గర్ వచ్చేది. మన చౌరస్తాలో ఒక దుకాణం బోర్డుకు ఇంకో దుకాణం ఉత్తుత్తి మంట పెట్టినా సాయంత్రానికి అసలు పంచాయితీ అయితది.

ఇగ కోట ఆట. నీకు ఇష్టమైందీ, నాకు ఎక్కువ భయమున్నదీ ఇదే. వీధుల్లో తిరుగుకుంట ఫోన్‌లో బొమ్మ జంతువులను పట్టే ఆట పోకెమాన్ గో 2016 జూలైలో వచ్చింది, మన దేశానికి అదే ఏడు డిసెంబర్‌లో జియోతోని కలిసి వచ్చింది. దాన్ని అందరూ కెమెరా ఆట అంటరు. ఆడినోళ్లను అడిగి చూడు, చాలామంది బ్యాటరీ మిగలాలని, పట్టుడు తేలికైతదని కెమెరా బంద్ చేసుకొనే ఆడినరు. వాళ్లను నడిపించింది మ్యాప్, తోటి ఆటగాళ్లు, ‘ఆ మూలన ఏమున్నదో’ అన్న ఆశ. నువ్వూ ఆట ముందు కాగితం మీద రాయి. కెమెరా లేకుండనే పిల్లలు ఆడగల్గితే అప్పుడు కెమెరా కలుపు.

ఎండాకాలం మధ్యాహ్నం కోటలో నిలబడి ఫోన్ తెర చూసినవా? ఏమీ కనబడదు, ఫోన్ వేడెక్కి తెర దానంతటదే మసకబడ్తది. పొద్దున, సాయంత్రం ఆటగనే పెట్టు. జీపీఎస్‌కు కొన్ని మీటర్ల తేడా మామూలే, ఈ స్తంభమా పక్క స్తంభమా దానికి తెల్వది. గూగుల్ వాళ్లకు వీధి ఫోటోలతో జాగను కచ్చితంగ పట్టే పద్ధతి ఉన్నది గాని, అది స్ట్రీట్ వ్యూ ఉన్నకాడ పని చేసేది. 2022లో స్ట్రీట్ వ్యూ మన దేశానికి వచ్చినప్పుడు మొదటి పది ఊళ్లలో మన రాష్ట్రం నుంచి హైదరాబాద్ ఒక్కటే ఉండె. నమ్ముకునే ముందు తోరణం కాడికి పోయి ఫోన్‌తో పరీక్ష చేసుకో.

నా మాట ఇంటే, కోటలో ఏమీ అంటించకు, ఏమీ పాతకు. పురావస్తు శాఖ జాగలో ఒక స్టిక్కర్ కూడ తప్పే. చేతిలో పట్టుకునే అచ్చు కార్డు ఇయ్యి, ఒక దిక్కు కోట మ్యాప్, ఒక దిక్కు గుర్తుపట్టే బొమ్మ. కార్డుకు ఫోన్ చూపిస్తే అరచేతిలో గుడి లేస్తది. జీపీఎస్ అక్కర్లేదు, ఫైళ్లు ముందే దించుకుంటే సిగ్నల్ కూడ అక్కర్లేదు. చెయ్యి కూడ అంత ఎత్తుకు లేపే పని లేదు. నాలుగు కీర్తి తోరణాల నడుమ పడిపోయిన స్వయంభూ గుడి ఎట్ల ఉండెనో చూపిస్తనని రాసినవ్. ఆ గుడి పూర్తి రూపం ఇదీ అని గట్టిగ చెప్పేటట్టు లేదు. కాకతీయ యూనివర్సిటీ చరిత్ర సార్లకు చూపించి, ‘ఇది ఊహాచిత్రం’ అని తెర మీదనే రాయి. రామప్ప సంగతి ఇప్పుడు ఎత్తకు. 2021లో యునెస్కో జాబితాలో ఎక్కినాక అక్కడ అనుమతుల పని ఇంకా బరువు.

గుళ్ల లోపల ఆట వస్తువులు పెట్టకు. పోకెమాన్ గో మీద గుజరాత్ హైకోర్టులో పిటిషన్ పడ్డది అందుకే, దేవుడి గుళ్లలో ఆట గుడ్లు కనబడ్తున్నయని. కోట లోపల జనం కాపురముంటరు గదా, వాళ్ల వాకిళ్ల ముందట నిధి పెట్టకు. పిల్లలు ఫోన్ చూసుకుంట నడవకుండ, నిలబడితేనే బొమ్మ కనబడేటట్టు చెయ్యి. రాళ్లు, మెట్లు, గుంతలు ఎన్ని ఉన్నయో నీకు ఎరుకే. షూటింగ్ అనుమతి, ఆట అనుమతి రెండూ రాతపూర్వకంగ అడుగు. గేటు కాడి మనిషి ‘ఏంగాదు పో’ అన్నాడని మొదలుపెట్టకు.

పైసల మాట. సగం అడ్వాన్స్ చేతిలో పడనిదే మోడల్ మొదలుపెట్టకు. మొదటి ఖర్చు, ఏడాదికింత నిర్వహణ ఖర్చు విడివిడిగ రాయి, ఎందుకంటే ఫోన్ల సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా నిన్నే పిలుస్తరు. ‘ఎంతమంది చూసిండ్రు’ అన్న లెక్క చూపి మురిపియ్యకు. చూసినోళ్లలో ఎంతమంది దుకాణానికి ఫోన్ కొట్టిండ్రో ఆ లెక్క సేటే తీస్తడు. అందుకని తెర కిందనే ఫోన్ బటన్, వాట్సాప్ బటన్ పెట్టు.

కొత్తవాడ సేటుతోని మాట్లాడిన. వచ్చే ఆదివారం దుకాణం ఖాళీగ ఉంటది, పదకొండింటికి రమ్మన్నడు. ఒక్క డిజైనే చేసి తీసుకరా, ఎర్ర నీలం చారలది, 4 అడుగులకు 6. నీ కొత్త ఫోన్ వద్దు, మీ అమ్మ వాడే పాత ఫోన్‌లో చూపియ్యి. టేపు నేను తెస్త. తెర మీద జంపఖానా పక్కన అసలుది పరిచి, అంచులు కలుస్తున్నయా లేదా ఆయన ముందటనే కొలుద్దాం.

మీ పెద్దబాపు
హన్మకొండ